రోల్ నంబరు ముప్పై ఒకటి

రెండేళ్ల కిందట తనను గుమ్మం దగ్గరి నుంచే తిప్పి పంపేసిన సాంకేతిక పాఠశాలలో, లేత్ విభాగంలో, తాను జిల్లాకే మొదటి స్థానం సాధించినట్టు మంగళవారం పొద్దున్న వచ్చిన ఉత్తరంలో చదివి, నట్టు చేతిలోని స్క్రూడ్రైవర్‌ను జారవిడిచింది.

అది నేరుగా వెళ్లి మేనత్త కాలి బొటనవేలి మీద పడింది.

"చంపావు కదే!" మేనత్త ఒంటికాలి మీద గెంతింది. "ఏముందే అందులో? ఎవరైనా పోయారా?"

"నేనే పోయాను అత్తా. పోయి, రెండేళ్లు చదివి, ఫస్టు కూడా వచ్చాను."

మేనత్త కళ్లద్దాలు తుడుచుకుని ఉత్తరం లాక్కుంది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బహుమతి ప్రదానం. ముఖ్య అతిథి సాంకేతిక విద్య డైరెక్టరు. విజేత అతిథుల సమక్షంలో లేత్ యంత్రం నడిపి చూపించాలి. కింద ప్రిన్సిపాల్ సంతకం, పైన నట్టు అసలు పేరు, ఇంటి పేరుతో సహా.

ఆ అసలు పేరు పిలిచేవాళ్లు ఎవరూ లేరు. మూడేళ్ల వయసులో దుకాణంలో ఒక నట్టు మింగి ఇంటిల్లిపాదినీ రెండు రోజులు పరుగులు పెట్టించింది. నట్టు బయటికొచ్చింది కానీ పేరు లోపలే ఉండిపోయింది. ఇప్పుడు పంతొమ్మిది నిండబోతున్నాయి. మేనత్త నడిపే కుట్టుమిషన్ల రిపేరు దుకాణంలో సగం పని ఆ పిల్లదే. ఏ మిషను ఎందుకు మూలుగుతోందో చెవి ఆనించి చెప్పేస్తుంది. ఒక్కటే లోటు. మిషను లోపలి షాఫ్టు అరిగిపోతే కొత్తది ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మీద తయారు చేయించాలి. అందుకు ఊరి చివర లేత్ షాపువాడి కాళ్లు పట్టుకోవాలి. వాడు వారం తిప్పుతాడు, షాఫ్టుని కాదు, వీళ్లని.

అందుకే లేత్ పని తానే నేర్చుకోవాలనుకుంది. చట్టమూ ఉంది. ప్రతి విభాగంలో మూడో వంతు సీట్లు అమ్మాయిలకివ్వాలని రాసి, అద్దం బిగించి, ప్రతి బడి గోడకీ తగిలించారు. రెండేళ్ల కిందట ఆ అద్దం కిందే నిలబడి గుమస్తా ఆమెతో, "వర్క్‌షాపు భవనంలో ఆడపిల్లలకి బాత్రూం లేదమ్మా. లేనప్పుడు ఎలా చేర్చుకుంటాం? కుట్టుపని విభాగంలో చేరు, అక్కడ అద్దం కూడా ఉంది" అన్నాడు. ఫారం కూడా ముట్టుకోలేదు. నట్టు ఊరుకోలేదు, ఫిర్యాదు రాసి పోస్టులో వేసింది. నెల తిరక్కుండానే కార్డు వచ్చింది. 'మీ ఫిర్యాదు పరిశీలించి పరిష్కరించడమైనది.' అంతే. ఆ పరిష్కారం ఏమిటో, ఎక్కడుందో రెండేళ్లయినా కనపడలేదు.

ఈ ఏడాది మళ్లీ ఫారం పంపింది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి అవకాశం.

"సీటూ లేదు, పాఠమూ లేదు, జిల్లా ఫస్టు!" మేనత్త ఉత్తరాన్ని తిరగేసి వెనక కూడా చూసింది. "పద, పోయి అడుగుదాం."

"నువ్వు కుంటుతున్నావు."

"కుంటుతూనే అడుగుతాను. ఇంకా జాలి పుడుతుంది."

*

గుమస్తాకు జాలి పుట్టలేదు, సంతోషం పుట్టింది.

"రామ్మా, రా! జిల్లా ఫస్టు! మిఠాయి ఏదీ?"

"నేను ఈ బడిలో చదవలేదండీ."

"వినయం మంచిదే. మరీ ఇంతా?"

బీరువాలోంచి హాజరు రిజిస్టరు తీసి, ధూళి ఊది, తిప్పి చూపించాడు. రోల్ నంబరు ముప్పై ఒకటి. పేరు నట్టుదే. పక్కన ఫొటో నట్టుదే. ఫొటోలో జుట్టు ఒకవైపు భుజం దాకా ఉంది, రెండోవైపు చెవి దాకానే ఉంది. ఆ వారం ఆమె జుట్టు ఒక మిషను బెల్టులో ఇరుక్కుంది. మేనత్త కత్తెర తీసుకుని ఆ పక్క కత్తిరించాల్సి వచ్చింది.

"హాజరు తొంభై రెండు శాతం" అని చదివాడు గుమస్తా. తల ఎత్తి, మందలింపుగా అడిగాడు. "మిగతా ఎనిమిది శాతం ఎందుకు రాలేదు?"

"నేను అసలు ఒక్కరోజు కూడా రాలేదు!"

"ఇదిగో, రాసే ఉంది. జ్వరం. పోనీలే, ఆరోగ్యం ముఖ్యం."

"మీరు నన్ను ఎప్పుడైనా వర్క్‌షాపులో చూశారా?" నట్టు బల్ల మీదికి వంగింది.

"నేను రికార్డులు చూస్తానమ్మా. మనుషుల్ని చూడటం నా పని కాదు."

అంటూనే సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఈ ఏడాది ఆమె పంపిన ఫారం. అడ్డంగా ఎర్ర గీత.

నట్టు ఆ గీత మీద వేలు పెట్టింది. "ఇదేంటండీ?"

"ఒకసారి పాసైన కోర్సులో మళ్లీ సీటివ్వకూడదు. నిబంధన. నువ్వు పాసయ్యావు, అదీ ఫస్టులో."

"పాసైనట్టు సర్టిఫికెట్టు ఇస్తారా మరి?" అంది మేనత్త.

"శుక్రవారం, డైరెక్టరు గారి చేతుల మీదుగా."

"దాన్ని చూసి ఎవరైనా పని ఇస్తే? దీనికి లేత్ ఎటు తిరుగుతుందో కూడా తెలీదే!"

"అది ఆ యజమాని ఖర్మ."

ఇలా కాదని నట్టు గొంతు తగ్గించింది. "దారేదీ లేదా అండీ?"

గుమస్తా అటూ ఇటూ చూసి, నిబంధనల పుస్తకం తెరిచాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పుస్తకంలో ఉన్నంత మేరకు మంచివాడే. "ఉంది. పేరు తప్పుగా ఎక్కించినవాళ్లు ఎవరో, వాళ్లే స్వయంగా రాసివ్వాలి. 'ఈమె చదవలేదు, చదివినట్టు రాసింది నేను' అని సంతకం పెట్టాలి. అడ్మిషన్లు శుక్రవారం సాయంత్రం ఐదింటికి ముగుస్తాయి. ఐదు దాటితే నేనూ ఉండను, సీటూ ఉండదు."

"ఎవరు ఎక్కించారు?"

"పైనుంచి జాబితా వచ్చింది. పన్నెండు పేర్లు, పన్నెండు ఫొటోలు."

"పైనుంచి అంటే ఎవరు?"

"పైనుంచి వచ్చినదాన్ని కిందివాళ్లం ఎవరు పంపారని అడగమమ్మా. మెడ నొప్పి పుడుతుంది."

*

వర్క్‌షాపు ఖాళీగా ఉంది. సెలవులు. లేత్ మేష్టారు ఒక్కడే ఒక యంత్రానికి నూనె పోస్తున్నాడు. తెల్లటి మీసం, నల్లటి చేతులు. నట్టు పేరు చెప్పగానే చేతిలో డబ్బా వంగి నూనె కాలి మీద ఒలికింది.

"నువ్వు... నిజంగా ఉన్నావా?" అన్నాడు.

గోడకు ముప్పై ఆరు కొక్కేలు. ఇరవై నాలుగింటికి జిడ్డోడుతున్న ఆప్రాన్లు వేలాడుతున్నాయి. మిగతా పన్నెండింటికీ వేలాడుతున్నవి మడత కూడా విప్పనంత కొత్తవి, చిన్న సైజువి. మేనత్త ఒకదాన్ని పట్టుకుని వాసన చూసింది.

"ఇవెవరివి మేష్టారూ?"

"తనిఖీకి పెట్టాం. వచ్చినవాళ్లు లోపలికి రారమ్మా, బూట్లకి నూనె అంటుతుందని. గుమ్మంలో నిలబడి ఆప్రాన్లు లెక్కపెట్టి, ముప్పై ఆరు అని రాసుకుని, టీ తాగి వెళ్తారు."

కిటికీ దగ్గర బల్ల మీద ఆఖరి పరీక్షలో తయారైన ఇనుప ముక్కలు వరసగా ఉన్నాయి. మెట్లు మెట్లుగా సన్నబడుతూ చివర మర తిరిగిన షాఫ్టులు. ఒక్కోదాని మీద రోల్ నంబరు కొట్టి ఉంది. జిల్లాలోని ఇంకో బడి నుంచి వచ్చిన పరీక్షకుడు పేర్లు చూడకుండా, నంబర్లు మాత్రమే చూసి మార్కులు వేశాడు. మేనత్త ముప్పై ఒకటో నంబరు ముక్క తీసి బొటనవేలితో నిమిరింది. పక్కదీ నిమిరింది. ఇరవై అయిదు నుంచి ముప్పై ఆరు దాకా అన్నీ నిమిరి, తర్వాత అబ్బాయిలవి నాలుగు పట్టుకుంది. నాలుగో దానికి వేలు తెగింది.

"అబ్బాయిలవి అంచులు కత్తుల్లా ఉన్నాయి. ఈ పన్నెండూ అంచు దగ్గర సన్నగా అరగదీసి ఉన్నాయి, పట్టుకున్నవాళ్లకి గుచ్చుకోకుండా." వేలు నోట్లో పెట్టుకుని మేష్టారి వైపు తిరిగింది. "ముప్పై ఏళ్లు ఇనుముతో బతికినదాన్ని. ఈ పన్నెండూ ఒక్క తల్లి బిడ్డలు. ఆ తల్లికి తెల్ల మీసం ఉంది."

మేష్టారు స్టూలు మీద కూలబడ్డాడు.

"ముప్పై ఆరు నంబర్లకీ ముక్కలు లేకపోతే పరీక్ష జరగనట్టేనమ్మా. ఆ ఇరవై నాలుగు మంది పిల్లల సర్టిఫికెట్లు ఆగిపోతాయి. వాళ్లేం పాపం చేశారు? ఒక ఆదివారం కూర్చుని పన్నెండూ తిప్పేశాను. చెడ్డగా చేద్దామనే కూర్చున్నాను. అత్తెసరు మార్కులొచ్చి ఒడ్డున పడితే చాలు కదా! నా చేతికి రాలేదు. ముప్పై ఒకటిని పనిగట్టుకుని పాడుచేద్దామని నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగోసారి ఇంకా బాగా కుదిరింది." తల పట్టుకున్నాడు. "అదే ఫస్టొచ్చింది."

నట్టుకు నవ్వాగలేదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది, అదీ కుదరలేదు. ఆ షాఫ్టు అంత ముచ్చటగా ఉంది.

"మరి పేర్లు ఎవరు పంపారు?"

"నాకు తెలీదు. గోధుమరంగు కవర్లో వచ్చింది జాబితా. ఆడపిల్లల్ని పంపుతున్నారని సంబరపడి ఆ పన్నెండు ఆప్రాన్లూ నేనే కుట్టించాను. నెల రోజులు గుమ్మం వైపు చూశానమ్మా. ఒక్కరూ రాలేదు."

"సీటొస్తే నాకు నేర్పుతారా?"

"మర్నాడే. కానీ సీటు లేకుండా యంత్రం ముట్టనివ్వను. వేలు తెగితే జవాబు చెప్పేవాడు ఉండాలి."

*

తిరుగు బస్సులో మూడో స్టాపు దగ్గర నట్టు ఉన్నట్టుండి సీట్లోంచి లేచింది.

"అత్తా, ఆ ఫొటో! గుమస్తా నా ఫారమే ముట్టుకోలేదు. ఫొటో ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నువ్వే ఎక్కడో ఇచ్చి ఉంటావు."

"ఆ అవతారంలో ఫొటో ఒక్కటే తీయించుకున్నాను. ఫిర్యాదు మీద అంటించడానికి."

మేనత్త నట్టు జుట్టు కొస పట్టుకుని చూసింది.

నట్టు మేష్టారి దగ్గర రాసుకున్న జాబితా బయటికి తీసింది. మిగతా పదకొండు మందినీ వెతికి పట్టుకోవడానికి బుధవారం అంతా పట్టింది. ఒకామె రొట్టెల బట్టీలో పిండి కలుపుతోంది. ఒకామె బస్సు కండక్టరు. ఒకామెకు కవల పిల్లలు, ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ ఇద్దరూ వంతులేసుకుని ఏడ్చారు. ప్రతి ఒక్కరినీ నట్టు ఒకే ప్రశ్న అడిగింది. పదకొండు మందీ ఒకే జవాబు చెప్పారు.

ఫిర్యాదు చేశాం. పరిష్కరించామని కార్డు వచ్చింది.

"అదన్నమాట పరిష్కారం!" మేనత్త తొడ చరిచింది. "సీటు కావాలని అడిగినవాళ్లందరికీ సీటిచ్చేశారు. కాగితం మీద! ఫిర్యాదు ఎవరికి రాశావే?"

"సమానత్వం సారుకి."

*

ఆయన పూర్తి హోదా 'విద్యలో స్త్రీ పురుష సమానావకాశాల అధికారి'. అంత పొడుగు చెప్పే ఓపిక ఎవరికీ లేక ఊరంతా సమానత్వం సారు అనేస్తుంది. విద్యాశాఖ భవనంలో మెట్ల కింద గది. తలుపు సగమే తెరుచుకుంటుంది, వెనక విరిగిన బల్లలు అడ్డం. గురువారం పదకొండింటికి నట్టు, మేనత్త పక్కకి తిరిగి లోపల దూరేసరికి ఆయన ఫోనులో ఉన్నాడు.

"సారు తనిఖీకి వెళ్లారండీ" అంటున్నాడు బొంగురు గొంతుతో. "నేనా? ప్యూనునండీ. చెబుతానండీ." ఫోను పెట్టేసి, గొంతు సవరించుకుని, మామూలు గొంతుతో "కూర్చోండమ్మా" అన్నాడు. కూర్చోవడానికి ఒక్కటే కుర్చీ ఉంది. అందులో ఆయన ఉన్నాడు. లేచి దాన్ని మేనత్త వైపు జరిపాడు.

సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, బుద్ధిమంతుడి నవ్వు. వెనక గోడ మీద ఒక పటం. ఏటేటా ఎత్తు పెరుగుతున్న ఆకుపచ్చ గీతలు. పక్కనే అద్దం బిగించిన ప్రశంసాపత్రం.

నట్టు తన పేరు చెప్పింది.

ఆయన ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. "నువ్వా తల్లీ! జిల్లాకే ఫస్టు! ఎంత గర్వంగా ఉందో! జుట్టు కూడా సమానంగా పెరిగిందే! ఒంట్లో ఎలా ఉంది ఇప్పుడు? ఆ జ్వరం మళ్లీ రాలేదు కదా?"

"ఏ జ్వరం సార్?"

నట్టుకు ఆ రెండేళ్లలో జ్వరం రాలేదు. హాజరు రిజిస్టరులో తప్ప ఎక్కడా రాలేదు.

సమానత్వం సారు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. "అంటే... వాతావరణం... అందరికీ వస్తుంది కదా అని..."

"సార్, రేపు ఐదింటిలోపు మీరు ఒక్క ముక్క రాసిస్తే నాకు సీటొస్తుంది. ఇవ్వకపోతే ఇక ఎప్పటికీ రాదు."

"నేను జాబితాలు పంపిస్తానమ్మా, అంతే. అందులో ఏముందో..." మాట మింగేశాడు. కళ్లజోడు తీశాడు, పెట్టాడు. "రెండు నెలల్లో రిటైరవుతున్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేదు."

"పన్నెండున్నాయండీ" అంది నట్టు. "నేను ముప్పై ఒకటో నంబరు మచ్చని."

ఆయన గదిలో మూడడుగులు వేశాడు. అంతకంటే వేయడానికి చోటు లేదు. ఉన్నట్టుండి ఏదో తట్టినట్టు బీరువా పైనుంచి మందుల పెట్టె దించి, తెల్లటి కట్టు గుడ్డ చుట్ట బయటికి తీశాడు.

"ఇలా చేద్దాం తల్లీ. రేపు కుడి చేతికి ఇది చుట్టుకుని రా. బెణికిందని నేను చెబుతాను. యంత్రం నడపక్కర్లేదు, బహుమతి తీసుకుని వెళ్లిపోవచ్చు. ఎవరికీ నష్టం లేదు."

"మరి నాకు?"

ఆయన చుట్ట విప్పడం, మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు.

మేనత్త కుర్చీలోంచి లేచింది. "కంచే చేను మేసిందంటే విన్నాను. మేసి, మేసినట్టు పటం గీసి గోడకి తగిలించడం ఇదే చూడటం! నేరుగా ఆ డైరెక్టరుకే చెబుతాను, చూసుకో!"

నట్టు ఆమె మోచెయ్యి పట్టుకుంది. "వద్దత్తా. సార్, నేను రేపు మీ పేరు చెప్పను. అబద్ధమూ చెప్పను. లేత్ ముందు నిలబడతాను. ఆపైన మీ ఇష్టం."

బయటికొచ్చాక మేనత్త మెట్ల మీదే నిలదీసింది. "పేరు చెప్పకుండా ఎలాగే పిచ్చిమొహమా?"

"నేను చెబితే ఆయన కాదంటాడు. విచారణ వేస్తారు. అది తేలేసరికి నాకు నీ వయసొస్తుంది. నాకు కావాల్సింది ఆయన సంతకం అత్తా, ఆయన ఉద్యోగం కాదు."

"నా వయసుకేమైందే?" అంది మేనత్త. కానీ మళ్లీ వెనక్కి వెళ్లకుండా మెట్లు దిగింది.

ఆ సాయంత్రం నట్టు మళ్లీ పదకొండు ఫోన్లు చేసింది.

*

శుక్రవారం డైరెక్టర్ మేడమ్ గంట ఆలస్యంగా, నాలుగింటికి దిగింది. ఆరు గంటల ప్రయాణం. లావుపాటి మనిషి, చురుకైన కళ్లు. ప్రిన్సిపాల్ పూలగుత్తితో ఎదురెళ్లాడు. ఆయన వెనక గుమస్తా, మేష్టారు, ఆ వెనక నీడలా సమానత్వం సారు.

"ముందు బాత్రూం ఎక్కడో చూపించండి" అందామె.

ప్రిన్సిపాల్ పూలగుత్తిని గట్టిగా పట్టుకున్నాడు. "వర్క్‌షాపు భవనంలో లేడీసుకి... అంటే... రోడ్డు దాటి ఎదురుగా బ్యాంకు ఉందండీ..."

"లేదా? మీ దగ్గర పన్నెండు మంది అమ్మాయిలు రెండేళ్లు చదివారని రిపోర్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్లేం చేశారు?"

"చాలా ఓర్పు గల అమ్మాయిలండీ" అన్నాడు ప్రిన్సిపాల్.

మేడమ్ ఆయన్ని ఒక చూపు చూసి, రోడ్డు దాటి బ్యాంకుకు వెళ్లి, పది నిమిషాల్లో తిరిగొచ్చింది. వర్క్‌షాపు గుమ్మం దగ్గర అందరూ అలవాటుగా ఆగిపోయారు. ఆమె ఆగలేదు. నూనె మరకల మీద నుంచి చెప్పులతో టపటపా లోపలికి నడిచింది.

గోడ వారగా పన్నెండు మంది అమ్మాయిలు, పన్నెండు కొత్త ఆప్రాన్లలో నిలబడి ఉన్నారు. కవలల తల్లి చంకల్లో చెరొక బిడ్డ. వాళ్లను చూసి మేష్టారు ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. సమానత్వం సారు ఒక్కొక్క ముఖమూ చూస్తూ, పెదాలతో లెక్కపెడుతూ నిలబడిపోయాడు. వాళ్ల ఫొటోలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మనుషుల్ని చూడటం ఇదే మొదలు.

"ఈ జిల్లాని చూసి మిగతా జిల్లాలు నేర్చుకోవాలి" అని మొదలుపెట్టింది మేడమ్. ఆమె కళ్లు మాత్రం ఆ ఆప్రాన్ల మడతల మీదే ఉన్నాయి. "వచ్చే నెల అందరు అధికారుల్నీ ఇక్కడికే పంపుతున్నాను. ఏదీ, ఫస్టొచ్చిన అమ్మాయి? యంత్రం నడిపి చూపించమ్మా."

నట్టు లేత్ ముందుకు వచ్చింది. యంత్రం నున్నగా, నల్లగా, చేతికందే దూరంలో ఉంది. రెండేళ్లుగా ఆశపడిన యంత్రం. గోడ మీద గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

"మేడమ్, దీన్ని ఆన్ చేయడం ఎలాగండీ?"

అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వబోయి ఆగింది. "వేళాకోళమా?"

"కాదండీ. నేనెప్పుడూ దీన్ని ముట్టుకోలేదు. నాకు సీటివ్వలేదు. వీళ్లెవరికీ ఇవ్వలేదు. నాకు బహుమతి వద్దండీ, నేర్చుకోవడానికి సీటు కావాలి. ఐదింటికి గడువు అయిపోతుంది."

కవలల్లో ఒకడు తుమ్మాడు. ఆ తుమ్ము వర్క్‌షాపంతా వినపడింది.

మేడమ్ ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "ఎవరు చేశారిది?"

"నేను సంతకాలు మాత్రమే పెడతానండీ. గుమస్తా..."

"నేను వచ్చింది ఎక్కించానండీ. పరీక్ష పెట్టింది మేష్టారు..."

"ముక్కలు నేనే తిప్పానండీ" అన్నాడు మేష్టారు, తల వంచుకుని. "పేర్లు మాత్రం నావి కావు."

మేడమ్ మళ్లీ నట్టును చూసింది. "నీకు తెలుసా అమ్మా?"

నట్టు పెదవి కొరుక్కుంది. వెనక నుంచి మేనత్త పొడిచింది. నట్టు నేల వైపు చూస్తూ ఊరుకుంది.

అందరి వెనక నుంచి ఒక చెయ్యి పైకి లేచింది. తరగతి గదిలో కుర్రాడు లేపినట్టు, చూపుడు వేలు మాత్రమే. సమానత్వం సారు ముందుకు వచ్చి, బల్ల మీది ముక్కల్ని పక్కకు జరిపి, జేబులోంచి తెల్ల కాగితాలూ పెన్నూ తీసి పెట్టుకున్నాడు. రాస్తూనే మాట్లాడాడు.

"నేనేనండీ. పన్నెండు పేర్లూ నేనే ఎక్కించాను. ప్రిన్సిపాల్ గారిని ఏమీ అనకండి, ఆయన సంతకం పెట్టే ముందు దేన్నీ చదవరు. మేష్టారిని అసలే అనకండి. ఆయనకి చెడ్డపని చేతకాదు, నాకే చేతనైంది. మొదటి రెండేళ్లూ నేను నిజమే రాశానండీ. రెండువందల పద్నాలుగు బడులకి నోటీసులిచ్చాను, అమ్మాయిల్ని ఎందుకు చేర్చుకోలేదని. ఒక్క బడి జవాబిచ్చింది, నోటీసు మీద టీ ఒలికింది, ఇంకోటి పంపమని. జవాబివ్వనివాళ్లని ఏం చేయాలా అని చట్టం మొత్తం తిరగేశాను. మళ్లీ నోటీసివ్వాలని ఉంది. జరిమానా లేదు, బండి లేదు, మనిషి లేడు. ప్యూను కూడా నేనేనండీ. మీరు నాలుగుసార్లు ఫోన్లో మాట్లాడారు నాతో, మీ ప్యూను చాలా మర్యాదస్తుడన్నారు కూడా. అమ్మాయిలు సున్నా అని రాస్తే మీ ఆఫీసు నుంచి నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. బడికి కాదు, నాకు! మూడో ఏడు ఈ పిల్ల ఫిర్యాదు వచ్చింది, వెనకే ఈ పదకొండు మందివీ. న్యాయమైన ఫిర్యాదులు. చేర్చుకోమని మూడు ఉత్తరాలు రాశాను. నాలుగోది రాయబోతూ అనుకున్నాను, అడగడమెందుకు, జాబితా నేనే పంపేస్తే పోలా అని. పేరు ఎక్కితే పిల్ల రావడమే తరవాయి కదా, పిల్లలకి రేపు కబురు పంపుదాం అనుకున్నాను. ఒట్టు, అనుకున్నాను. ఆ రేపు రాకముందే నా లెక్క చూసి మీ ప్రశంసాపత్రం వచ్చింది. నా జన్మలో మొదటిది. గోడకి తగిలించాక ఇక కబురు పంపడానికి నోరు రాలేదండీ. అప్పటి నుంచి రోజూ హాజరు రాసి ఇక్కడికి పంపాను. జ్వరాలు తెప్పించాను, తగ్గించాను. బాగా చదువుతున్నారని సిగ్గులేకుండా సంతోషపడ్డాను కూడా. ఇదొక్క బడే కాదండీ, ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. ఆ పేర్లన్నీ నా దగ్గరున్నాయి, ఇస్తాను. నన్నేం చేసినా చేయండి, కానీ ఐదు దాటాక చేయండి. గుమస్తా గారూ, తాళం వేయకండి. ఇదిగో ముప్పై ఒకటో నంబరు. 'ఈమె ఈ కోర్సు చదవలేదు. చదివినట్టు రాసింది నేను.' సంతకం పెట్టాను, తీసుకెళ్లు తల్లీ, పరిగెత్తు. తర్వాత ఎవరు? కవలల అమ్మా, నువ్వు ముందు రా. ఇంటి పేరు చెప్పు, ఈసారి నిన్నే అడిగి రాస్తాను."